మన బడి పిల్లలు, పునరావాస చదువులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1996 పదో తరగతి బ్యాచి. కమిటీ అన్న ఫోను చేసి, "ఇంజనీరింగు గురించి చెప్పేటోళ్ళు మస్తుగ ఉన్నరు, అమెరికా గురించి చెప్పేటోళ్ళు ఇంకా మస్తుగ ఉన్నరు. నీ చదువేందో మాకెవ్వరికీ సరిగ్గ తెల్వదు, అదేందో పిల్లలకు చెప్పు" అన్నాడు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. ముందుగా చదువు పేరు చెప్పేస్తాను.

నేను చదివింది ఆక్యుపేషనల్ థెరపీ. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా, ఉద్యోగాలిప్పించే ఆఫీసులో పని చేస్తుందనుకుని మా పెద్దనాయిన కొన్నేళ్ళపాటు ఊళ్ళో పిల్లల సర్టిఫికెట్ల జిరాక్సులు నాకు పంపించాడు. సరే, తెలుగులో చెబుదామని "పునరావాస చదువు" అన్నాను ఒకసారి. "ఏ ప్రాజెక్టు కింద ముంపు బిడ్డా?" అని అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. నాగార్జునసాగర్ కట్టిన జిల్లాలో పునరావాసం అనే మాటకు అర్థం అదే. ఊరు మునిగినవాళ్ళకు మళ్ళీ ఇల్లు చూపించడం. ఆలోచిస్తే మా పనీ దానికి దూరం కాదు. ఒక్క జబ్బుతోనో ఒక్క ప్రమాదంతోనో అప్పటిదాకా బతికిన బతుకు మునిగిపోయినవాళ్ళు మా దగ్గరికి వస్తారు.

ఈ పని ఒక్కరు చేసేది కాదు. పక్షవాతం వచ్చిన మనిషిని అనుకోండి. పెద్ద డాక్టర్లు ప్రాణం నిలబెట్టి వార్డుకు పంపారు. అక్కడినుంచి మా గుంపు మొదలవుతుంది. పడుకున్న మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, అడుగు వేయించేది ఫిజియోథెరపిస్టు. అడుగు వేసేటప్పుడు పాదం జారి వేళ్ళు నేలకు రాసుకుంటుంటే దానికి కొలత తీసి పట్టీ చేసేది ఆర్థోటిస్టు. కాలు పోయినవాళ్ళకు కృత్రిమ కాలు చేసేదీ ఆ చదువు చదివినవాళ్ళే. మాట పడిపోయినా, మింగుతుంటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా స్పీచ్ థెరపిస్టు చూస్తారు. మనసు కుంగి గోడవైపు తిరిగి పడుకుంటే సైకాలజిస్టు. మరి చొక్కా గుండీ పెట్టుకోవడం, స్నానం చేయడం, అన్నం తినడం, దుకాణంలో కూర్చుని చిల్లర లెక్కపెట్టడం, అంటే ఆ మనిషి రోజూ చేసుకునే పనులన్నీ మళ్ళీ చేసుకునేట్టు చూడటం నా వంతు. పుట్టుకతోనే ఇబ్బంది ఉన్న పిల్లలైతే ఈ గుంపులోకి స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు కూడా వస్తారు. మన బడినుంచి పంతుళ్ళు చాలామంది అయ్యారు కాబట్టి ఆ చదువు గురించి తర్వాత మళ్ళీ చెబుతాను.

నేను ఈ చదువులోకి ఎట్లా పోయానంటే, దాచడానికేముంది, ఎంసెట్‌లో డాక్టరు సీటు రాక. నల్లగొండలో ఇంటర్ చదువుతున్నప్పుడు మా జువాలజీ లెక్చరర్ పేపర్లో పడ్డ ప్రకటన కత్తిరించి చేతిలో పెట్టారు. ఒడిశాలో కటక్ దగ్గర ఓలాట్‌పూర్ అనే పల్లెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, పరీక్ష రాసి పోవాలి, డిగ్రీ ఉత్కళ్ విశ్వవిద్యాలయం ఇస్తుంది. అప్పుడు దాన్ని నిర్తార్ అనేవాళ్ళం, ఇప్పుడు పేరు ముందు స్వామి వివేకానంద చేరింది. మన బడి పుట్టిన 1975లోనే అదీ పుట్టింది, మొదట కృత్రిమ అవయవాలు చేయడంలో శిక్షణ ఇవ్వడానికి. ఈ సంగతి నాకు ఈ సావనీరుకు వ్యాసం అడిగినప్పుడే తట్టింది.

ఆడపిల్లను అంత దూరం పంపడానికి నాయిన వారం రోజులు ఒప్పుకోలేదు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మన నల్లగొండలోనే ఆగుతుంది, సాయంత్రం ఎక్కితే మర్నాడు కటక్‌లో దిగొచ్చు, మధ్యలో బండి మారే పని లేదు అని తెలిశాక ఒప్పుకున్నాడు. నా వృత్తి నిర్ణయంలో రైల్వే శాఖ పాత్ర అది.

అక్కడ మొదటి ఏడాది ఎముకలు, కండరాలు, నాడులు. దేహాన్ని కోసి చూపిస్తారు. పదో తరగతిదాకా తెలుగు మీడియంలో చదివి పోయినదాన్ని, ఇంటర్ రెండేళ్ళు ఇంగ్లీషును మింగానే గాని అరగలేదు. మెడపక్కనుంచి చెవి వెనక్కి పోయే ఒక కండరం ఉంది, స్టెర్నో క్లైడో మాస్టాయిడ్. దాని పేరు పలకడానికి రెండు రోజులు పట్టింది. నోటు పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు పేరు తెలుగక్షరాల్లో, ఇంకో పక్క మన ఊళ్ళో దాన్ని ఏమంటారో రాసుకునేదాన్ని: పిక్క, తుంటి, చీలమండ, రెట్ట, మోకాటి చిప్ప. రెండో ఏడాదికల్లా ఒడియా పిల్లలు కూడా తమ భాషలో అట్లాంటి పుస్తకం పెట్టుకున్నారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను సూపర్ సైక్లోన్ ముంచేసిన తర్వాత కరెంటు లేని రాత్రుల్లో కొవ్వొత్తి దగ్గర చేతి నాడుల పటం గీసుకున్నది కూడా ఆ పుస్తకంలోనే.

భాషకు తడుముకున్నాను గాని సంగతికి తడుముకోలేదు. బయోమెకానిక్స్ అని ఒక సబ్జెక్టు. శరీరంలో ఎముకలు తులాదండాల్లాగా ఎట్లా పని చేస్తాయో చెబుతారు. క్లాసులో నగరాల పిల్లలు తల పట్టుకున్నారు. నాకు ఎనిమిదో తరగతిలో మన సైన్సు సారు బావి దగ్గర ఏతం చూపించి, ఆధారం ఎక్కడుంది, బరువెక్కడుంది, బలం ఎక్కడ పెడుతున్నాం అని అడిగిన పాఠం ఉండనే ఉంది. సారు ఆ చివరి కుర్చీలో కూర్చున్నారు, చేతికర్రతో వచ్చారు. సారూ, మీరు చెప్పిన లెక్కే మీకు చెబుతున్నాను. తుంటి నొప్పి కుడివైపు ఉంటే కర్ర ఎడమచేత్తో పట్టుకోవాలి. అందరూ నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు. కుడికాలి మీద నిలబడ్డప్పుడు ఒంటి బరువు ఎడమకు ఒరగకుండా కుడి తుంటి కండరాలు లాగిపట్టాలి, ఆ లాగుడంతా కీలు మీద పడుతుంది. ఎడమచేతి కర్ర ఒరిగేవైపునుంచే కాస్త ఎత్తి పడుతుంది, దానికి ఆధారం నుంచి దూరం ఎక్కువ కాబట్టి కొద్ది బలం చాలు, కీలు మీద భారం తగ్గుతుంది. ఏతంలో రాయి కట్టే దూరం లెక్క. సభలో కర్రలు చాలానే కనిపిస్తున్నాయి, ఇంటికి పోయేటప్పుడు చెయ్యి మార్చి చూడండి.

రెండో ఏడాదిలోనే ఇంకోటి జరిగింది. ఎక్స్‌రేలు చదవడం నేర్పుతూ ఒక వెన్నుపూస ఎక్స్‌రే వెలుగుపెట్టె మీద పెట్టారు. ఎముక తెల్లగా సున్నంలా మెరుస్తోంది, పూసకు పూసకు మధ్య కొక్కేల్లాగా అతుక్కుంది. ఏమిటిది అని అడిగారు. క్లాసులో ఎవరూ చెప్పలేదు. నేను జబ్బు పేరు చెప్పి ఊరుకోలేదు, ఈ మనిషి ఎట్లా ఉంటాడో కూడా చెప్పాను. మెడ తిప్పలేడు, ఎవరన్నా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తాడు, మంచం మీద వెల్లకిలా పడుకోలేడు, నేల మీద కూర్చుంటే లేవలేడు అని. పుస్తకంలో ఫ్లోరోసిస్‌కు అర పేజీ ఉంది. మనకు వీధికి ఇద్దరు తాతలుండేవాళ్ళు అట్లా. మర్రిగూడ వైపు చుట్టాలున్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఫ్లోరైడు తీసేయడానికి పటికా సున్నమూ కలిపే పద్ధతిని ఇంజనీర్ల పుస్తకాల్లో "నల్లగొండ టెక్నిక్" అనే అంటారు. మన జిల్లా పేరు అట్లా ఎక్కింది పుస్తకాలకు.

ఆ రోజునుంచీ నాకు ఒకటి అర్థమవుతూ వచ్చింది, ఈ పాతికేళ్ళలో అది గట్టిపడింది. పిల్లలకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే. ఈ చదువులో సగం పుస్తకంలో ఉంటుంది. మిగతా సగం మనుషులు ఎట్లా బతుకుతారో తెలిసి ఉండటం. ఆ రెండో సగం మన బడి పిల్లల దగ్గర ముందే ఉంటుంది.

ఉదాహరణ చెబుతాను. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలిచే పట్టిక ఒకటుంది, బార్తెల్ ఇండెక్స్. 1965లో అమెరికాలో అచ్చయింది, ఈరోజుకీ ప్రపంచమంతా వాడుతుంది, నేనూ వాడతాను. పది పనులు, మొత్తం నూరు మార్కులు. తినడం, స్నానం, బట్టలు, మెట్లెక్కడం ఇట్లా. మంచి పట్టికే. కానీ తినడం దగ్గర మార్కులు ఎప్పుడు తగ్గించాలో చెబుతూ, కోసుకోవడానికీ రొట్టె మీద వెన్న రాసుకోవడానికీ సాయం కావాలా అని అడుగుతుంది. మా క్లాసులో ఇరవై మందిమి దాన్ని బట్టీ పట్టాం. వెన్న ఎవరు రాసుకుంటారని ఎవరూ అడగలేదు, మార్కులు పోతాయని. వార్డులో మాత్రం మంచం పక్కనే పఖాళ్ గిన్నె ఉండేది, మన చద్దన్నం లాంటిదే. చెంచాతో తినడం వేరు, చేత్తో కలిపి, ముద్ద చేసి, జారకుండా నోటిదాకా తీసుకుపోవడం వేరు. ముద్ద చేయడానికి అయిదు వేళ్ళూ కలిసి పని చేయాలి, ముంజేయి తిరగాలి. అట్లాగే నేల మీద కూర్చోవడం, గొంతుకూర్చోవడం, చీర కుచ్చిళ్ళు పోసుకోవడం, బిందె చంకన ఎత్తుకోవడం. ఇవేవీ ఆ పట్టికలో లేవు. మా ప్రాజెక్టు పనిలో నేనూ ఇంకో ఒడియా అమ్మాయీ ఇట్లాంటి పనులను విడగొట్టి, ఒక్కో దానికి ఏ కీలు ఎంత వంగాలో గోనియోమీటరు పెట్టి కొలిచి రాశాం. పెద్ద పరిశోధనేమీ కాదు. కానీ గొంతుకూర్చోవడానికి మోకాలు ఎంత వంగాలో తెలియకుండా, కుర్చీలో కూర్చోగానే "బాగుపడ్డాడు" అని ఇంటికి పంపిస్తే, ఆ మనిషి పొద్దున చెంబు పట్టుకుని ఎక్కడికి పోతాడు?

జైపూర్ పాదం కథ తెలుసు కదా మీకు. డాక్టర్ పి.కె. సేథీ పేరు అందరికీ తెలుసు, 1981లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. ఆయనతో కలిసి ఆ పాదం తయారు చేసిన రామచంద్ర శర్మ పెద్ద చదువులు చదివినవాడు కాదు, చేతిపనివాడు, ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పడానికి వచ్చినవాడు. అప్పటికి విదేశీ పాదాలు దొరికేవి. వాటికి బూటు తొడగాలి, మడమ దగ్గర కదలిక లేదు, గొంతుకూర్చోలేరు, పొలంలో బురదలో దిగలేరు. కాలు పెట్టించుకున్న రైతులు దాన్ని మూలన పెట్టి మళ్ళీ కర్రల మీదే నడిచేవాళ్ళు. శర్మ టైర్లకు రబ్బరు ఎక్కించే పని చూసి అదే రబ్బరుతో పాదం పోశాడు, వట్టి కాలితో నడిచేట్టుగా, అన్ని వైపులా వంగేట్టుగా. తర్వాత 1975లోనే జైపూర్‌లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి మొదలై ఆ పాదాన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ చదువులో మా గురువులు ఎవరంటే నేను ఆ ఇద్దరి పేర్లూ కలిపి చెబుతాను.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు. మేరీ వర్గీస్. వెల్లూరులో యువ డాక్టరు. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్క్ పోయి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపింది. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రం మన దేశంలో ఇట్లాంటివాటికి దారి చూపింది.

ఇప్పుడు నా పేషెంటు ఒకాయన సంగతి. పేరు చెప్పను. మన జిల్లా గీత కార్మికుడు, తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు. మోకు జారింది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. నేను అప్పుడు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరాను. కాళ్ళు రావు, వేళ్ళు కదలవు. భుజాలున్నాయి, మోచేయి వంగుతుంది, మణికట్టు పైకి లేస్తుంది, అంతే. ఇట్లాంటివాళ్ళకు పుస్తకంలో ఒక సాధనం ఉంది, అరచేతికి పట్టీ కట్టి అందులో చెంచా దోపుతారు. పది నిమిషాల పని. కట్టి చూపించాను. ఆయన చెంచా వంక చూసి, "నేను పసిపోరన్ని కాదు మేడం. నా బువ్వ నేను చేతితోని తినాలె" అన్నాడు.

మీరందరూ ఒక్కసారి చెయ్యి ఎత్తండి. వేళ్ళు పూర్తిగా వదులుగా పెట్టండి. మణికట్టును నెమ్మదిగా పైకి లేపండి. వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటున్నాయి కదా? మణికట్టు కిందికి వాల్చండి, విచ్చుకుంటాయి. ఇది కండరం బలం కాదు, స్నాయువుల బిగువు. దాన్ని మేము టెనోడెసిస్ అంటాం. ఆయనకు మిగిలింది ఆ ఒక్కటే. అందుకే అట్లాంటి చేతిని సాగదీసే పద్ధతి వేరు. వేళ్ళు చాపేటప్పుడు మణికట్టు కిందికి వంచి ఉంచాలి. మణికట్టూ వేళ్ళూ ఒకేసారి వెనక్కి విరిచి రోజూ తోమితే ఆ బిగువు పోతుంది, చెయ్యి గుడ్డపీలికలా వేలాడుతుంది. ప్రేమతో ఇంట్లోవాళ్ళు చేసే పని అదే. ఆయన భార్యకు మొదటి వారం నేను చేసిన వైద్యమంతా "అట్ల గుంజకమ్మా" అని చెప్పడమే.

రొట్టెతో మొదలుపెట్టాం. అన్నం కన్నా జొన్నరొట్టె ముక్క సులువు, బొటనవేలుకూ చూపుడువేలు పక్కకూ మధ్య ఇరుకుతుంది. తర్వాత అంచు ఎత్తుగా ఉన్న కంచం, అడుగున తడిగుడ్డ, కదలకుండా. చేతికి స్పర్శ సరిగా లేదు కాబట్టి ఆరిన అన్నమే. మెత్తగా వండిన అన్నంలో పప్పు గట్టిగా కలిపి కంచం అంచుకు ఒత్తితే ముద్దలాగా వచ్చేది. సగం ఒళ్ళోనే పడేది. మూడు నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం కంచంలో పావు వంతు మిగిల్చి, మిగిలిందంతా తానే తిన్నాడు. ఆయన నడవలేదు. ఇప్పటికీ నడవడు. బార్తెల్ పట్టిక ప్రకారం ఆయనకు పెరిగింది కొద్ది మార్కులే. భార్య మాత్రం ఆ రోజునుంచి ఆయనతో పాటు కూర్చుని తినడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆయనకు తినిపించి, చల్లారిన అన్నం తాను వంటింట్లో తినేది.

ఈమధ్య ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇస్తోంది. బరువుగా ఉంది, చెట్టెక్కడం ఆలస్యమవుతోందని కొందరు వేసుకోవడం లేదని విన్నాను. మీ ఇళ్ళలో ఎవరన్నా ఉంటే దయచేసి తొడుక్కోమని చెప్పండి. మా దగ్గరికి పేషెంట్లు తక్కువైతే నాకేం బాధ లేదు.

చదువుతున్నప్పుడు మాతో ఒక పని చేయించేవాళ్ళు. ఒక రోజంతా చక్రాల కుర్చీలో ఉండాలి, లేదా కళ్ళకు గంతలు కట్టుకుని, లేదా కుడిచెయ్యి కట్టేసుకుని. నేను చక్రాల కుర్చీలో క్యాంటీనుకు పోయాను. గడప అంగుళం ఎత్తు. అది దాటడానికి ఇద్దరు కావలసి వచ్చింది. అది మంచి పాఠమే గాని, సాయంత్రం లేచి నడిచి హాస్టలుకు పోయే మనిషికి తెలిసేది కొంచెమే. ఈ మాట నాకు చెప్పింది మా సీనియర్ ఒకాయన, పోలియోతో కాలిపర్ వేసుకుని అదే కోర్సు చదివినాయన. "మీకు గడప తెలిసింది, గడప దగ్గర మనిషి చూసే చూపు ఇంకా తెలియదు" అన్నాడు.

పోలియో అంటే గుర్తొచ్చింది. నేను చదివినప్పుడు వార్డుల్లో ఎటు చూసినా పోలియో కాళ్ళే. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో హౌరా జిల్లాలో. 2014 మార్చిలో పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది. అప్పుడు కొందరన్నారు, ఇక మీకు పనేముంది అని. పని మారింది. మోటారు సైకిల్ ప్రమాదాలు, షుగరుతో కాళ్ళు తీసేయడం, పక్షవాతం, నెలలు నిండక పుట్టి బతికిన పిల్లలు, ఆటిజం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, 2016 చట్టంలో ఇరవై ఒకటి. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2 కోట్ల 68 లక్షలు.

ఇక తల్లిదండ్రులు ఎదురు చూస్తున్న సంగతి: ఎక్కడ చదవాలి, ఏమొస్తుంది. ఫిజియోథెరపీ హైదరాబాదు నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో ఉంది, ఇంకా చాలా కాలేజీల్లో ఉంది. ఆక్యుపేషనల్ థెరపీకి కాలేజీలు తక్కువ. నేను చదివిన ఓలాట్‌పూర్, కలకత్తాలో ఇంకో జాతీయ సంస్థ ఉన్నాయి. మాట, వినికిడి చదువుకు మైసూరులో 1965నుంచి ఉన్న సంస్థ దేశంలోనే పెద్దది. మన సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కూడా ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది. అదే మనోవికాస్ నగర్‌లో మానసిక వైకల్యం ఉన్న పిల్లల కోసం 1984నుంచి జాతీయ సంస్థ నడుస్తోంది. టీచరు కావాలనుకునే పిల్లలు మామూలు బీఈడీతో పాటు స్పెషల్ బీఈడీ గురించి కూడా కనుక్కోండి.

చేరే ముందు ఒక్కటి చూసుకోండి. స్పెషల్ ఎడ్యుకేషన్, స్పీచ్, కృత్రిమ అవయవాల చదువులైతే 1992 చట్టం కింద ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. అక్కడ నమోదు నంబరు రాకపోతే ఆ పని చేయడానికి వీల్లేదు. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ 2021లో వచ్చిన వేరే చట్టం కిందికి వస్తాయి. మా బంధువుల పిల్ల ఒకామె పెద్ద బోర్డు చూసి ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. ఆ కోర్సుకు గుర్తింపు లేదని మూడో ఏడాదిలో బయటపడింది. కట్టిన ఫీజు కన్నా పోయిన మూడేళ్ళే ఎక్కువ. బోర్డు మీద ఏముందో కాదు, కౌన్సిల్ జాబితాలో ఆ కాలేజీ పక్కన ఆ కోర్సు, ఆ సంవత్సరం ఉన్నాయా అని చూడండి. చేతకాకపోతే నాకు ఫోను చేయండి, నేను చూసి చెబుతా.

జీతం సంగతి నిజమే చెబుతాను. మొదట్లో తక్కువ. నా మొదటి జీతం ఇంట్లో చెప్పడానికి మొహమాటపడ్డాను. సాఫ్ట్‌వేర్‌లోకి పోయిన నా బ్యాచి వాళ్ళు ముందు వరసలో నవ్వుతున్నారు, నవ్వండి. అనుభవం వచ్చేకొద్దీ ఫరవాలేదు, బయటి దేశాల్లో ఈ చదువులకు గిరాకీ ఉంది, కానీ అక్కడ మళ్ళీ పరీక్షలు రాయాలి. డబ్బు ఒక్కటే చూసుకుంటే ఇందులోకి రావద్దు. పేరు ముందు డాక్టరు అని రాసుకోవచ్చా లేదా అని ఒక పెద్ద గొడవ నడుస్తోంది, దానిలోకి నేను పోను. మా పేషెంట్లు నన్ను "బువ్వ మేడం" అంటారు.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క సంగతి చెప్పి దిగుతాను. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కడుతున్నామని కమిటీ చెప్పింది. సంతోషం, నేనూ నా వంతు ఇచ్చాను. పొద్దున వచ్చేటప్పుడు ఎనిమిదో తరగతి గది ముందు వాళ్ళమ్మ ఒక పాపను ఎత్తుకుని మెట్లెక్కించడం చూశాను. మంచి పాప, బాగా చదువుతుందట. ఇంకో ఏడాదికి వాళ్ళమ్మ ఎత్తలేదు, పాప పెరుగుతుంది. మెట్ల పక్కన ర్యాంపు ఉంది. టేపు పెట్టి కొలిచాను. వరండా ఎత్తు రెండడుగులు, ర్యాంపు పొడవు ఎనిమిది అడుగులు. ఇది జారుడుబండ. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంటే రెండడుగులకు ఇరవై నాలుగు. వరండా వెంబడి గోడకు ఆనించి కడితే స్థలం సరిపోతుంది, వేపచెట్టు కొట్టక్కర్లేదు. రెండు వైపులా పట్టుకోవడానికి గొట్టాలు, పైన చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును. దానికి ఎదురుగానే ఉన్న మరుగుదొడ్డి తలుపు ఇరవై నాలుగు అంగుళాలు, కుర్చీ పట్టదు. దాన్ని మూడడుగులు చేయాలి. 1988 బ్యాచిలో సివిల్ ఇంజనీరు అన్న ఒకాయన ఉన్నారని విన్నాను. భోజనాల తర్వాత ఆ వరండా దగ్గరికి రండి అన్నా. టేపు, సుద్దముక్క నా దగ్గరున్నాయి. ఆ చివర పట్టుకోవడానికి ఇద్దరు పిల్లలు కావాలి.